ఎండ పడని చోట

వయసు 61. కర్నూలు జిల్లాలో కేసీ కెనాల్ పక్క ఊరు. వరి, కొంచెం మిరప సాగు. రెండేళ్ళ కిందట పొలం కొడుక్కి అప్పజెప్పి ఇంటిపట్టునే ఉంటున్నాడు. బీపీకి ఏడేళ్ళుగా మాత్రలు. షుగర్ లేదు. మూడేళ్ళుగా ముఖం, మెడ, ముంజేతుల మీద దురద, మంట, నలుపు.

మొదటి రోజు కేసు షీటులో నేను రాసుకున్నది ఇంతే. కింద "ఎండ ఎలర్జీ, బీపీ మాత్ర వల్లనా?" అని ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఆ ప్రశ్నార్థకమైనా పెట్టబట్టి సరిపోయింది, లేకుంటే ఈ కేసు పదిమందికి చెప్పుకునే మొహం నాకుండేది కాదు. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఎవరైనా గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాను.

జూలై చివరి వారం, ఓపీ అయిపోవచ్చిన వేళ వచ్చాడు. తల మీంచి టవల్ కప్పుకొని, దాని కొస మెడకు చుట్టుకొని ఉన్నాడు. టవల్ తీస్తే ముఖం నల్లగా మాడినట్టుంది. నుదుటి తోలు మందమెక్కి చాళ్ళు దున్నినట్టు గీతలు పడ్డాయి. చెవి తమ్మెలు ఉబ్బి గట్టిపడ్డాయి. కనుబొమ్మలు బయటివైపు సగం లేవు. ముంజేతుల పైభాగమంతా గోకిన గాట్లు. చొక్కా కాలరు మొదలయ్యే చోట జబ్బు గీత గీసినట్టు ఆగిపోయింది. వీపు, పొట్ట, తొడలు మామూలుగానే ఉన్నాయి.

ఈ మూడేళ్ళలో ఆయన వాడినవన్నీ భార్య ఒక క్యారీబ్యాగులో వేసుకొచ్చి నా బల్ల మీద కుమ్మరించింది. సగానికి పైగా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబులు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపి కొట్టిన రకం. మధ్యలో ఎవరో వేసిన స్టెరాయిడ్ సూదులు. సూది పడితే పది రోజులు హాయి, ఆ తర్వాత రెట్టింపు.

ఆయన బయట చెప్పులు వేసుకుంటుండగా ఆమె వెనక్కి వచ్చి గొంతు తగ్గించి అడిగింది: "పెద్దరోగమంటున్నారమ్మా. కోడలు కంచం ఏరు పెట్టింది. నిజమేనా?"

చెవి తమ్మెలు, కనుబొమ్మలు

ఆ అనుమానం రావడంలో వింతేమీ లేదు. లెప్రోమాటస్ రకం కుష్ఠులో ముఖం తోలు సరిగ్గా ఇలాగే మందమెక్కి ముడతలు పడుతుంది. మేం దాన్ని సింహముఖం అంటాం. చెవి తమ్మెలు లావెక్కుతాయి, కనుబొమ్మలు రాలిపోతాయి. ఈయనకు మూడూ ఉన్నాయి. దూరం నుంచి చూసినవాళ్ళు ఆ మాట అనకుండా ఉంటేనే వింత.

దగ్గరికి వెళ్తే కథ మారుతుంది. లెప్రోమాటస్ కుష్ఠులో దురద సాధారణంగా ఉండదు. ఈయన మాత్రం నాతో మాట్లాడుతూనే గోక్కుంటున్నాడు. కళ్ళు మూయించి దూదితో, వేడినీళ్ళు చన్నీళ్ళు పోసిన గాజు గొట్టాలతో తాకించి చూశాను. స్పర్శ అంతటా ఉంది. మోచేతి వెనక, మెడ పక్కన, మోకాలి కింద నరాలు తడిమితే ఎక్కడా లావు లేదు, నొప్పి లేదు. కనుబొమ్మల మీద డెర్మోస్కోప్ పెట్టాను. పదింతలు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం అది. కుష్ఠులో వెంట్రుక కుదురుతో సహా పోతుంది. ఇక్కడ కుదుళ్ళు బతికే ఉన్నాయి. వెంట్రుకలు మాత్రం ఒక్కోటి ఒక్కో పొడవున తెగి, కోత కోసిన మడిలో మోళ్ళలా నిలబడ్డాయి. రాలిపోలేదు, రుద్ది రుద్ది తెగాయి.

అయినా నా కంటిని నమ్ముకొని ఆగలేదు. రెండు చెవి తమ్మెల నుంచి, నుదుటి నుంచి స్లిట్ స్కిన్ స్మియర్ తీశాను. తోలును రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి రక్తం పోగొట్టి, సన్నటి గాటు పెట్టి, బ్లేడు మొనతో గీకి వచ్చిన రసాన్ని గాజు పలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటం. ఇంత ముదిరిన ముఖం నిజంగా లెప్రోమాటస్ కుష్ఠుదే అయితే బ్యాక్టీరియా గుత్తులు గుత్తులుగా కనబడి తీరాలి. ఒక్కటీ లేదు. లెటర్‌ప్యాడ్ మీద తెలుగులోనే "ఇది కుష్ఠు కాదు, అంటుకోదు" అని రాసి, సంతకం చేసి, స్టాంపు వేసి ఇచ్చాను. నిజానికి కుష్ఠే అయినా కంచం ఏరు పెట్టాల్సిన పని లేదు, మందులు మొదలైన కొద్ది రోజుల్లోనే అంటుకునే గుణం పోతుంది. ఆ సంగతి కోడలికి ఫోన్‌లో విడిగా చెప్పాను.

నేను వేసిన తప్పటడుగు

ఇక మిగిలింది నా ప్రశ్నార్థకం. ఆయన వాడే బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. ఎండకు తోలు మాడిపోయేలా చేసే మందుల్లో అది పేరుమోసింది. ఏళ్ళ తరబడి పడిన మాత్ర హఠాత్తుగా తిరగబడటమూ ఉంది. ముఖం, మెడ, ముంజేతులు, అంటే బట్ట కప్పనిచోటల్లా జబ్బు, కాలరు గీత దగ్గర ఆగిపోవడం. పాఠం వల్లె వేసినట్టు సరిపోయింది. ఫిజీషియన్‌తో మాట్లాడి మాత్ర మార్పించాను. సన్‌స్క్రీన్, పైపూత రాసిచ్చి, గట్టిగా ఒకటే చెప్పాను: "పెద్దాయనా, నెల రోజులు ఎండ మొహం చూడొద్దు. ఇంటి నీడనే ఉండు."

ఐదు వారాలకు వచ్చాడు. కళ్ళు తెరవలేనంతగా రెప్పలు వాచి ఉన్నాయి. మెడ చిట్లి నీరు కారుతోంది.

"నువ్వు జెప్పినట్టే ఉండా మేడమ్. వాకిలి దాటలే. పగలూ రాత్రీ కొట్టం పక్క మంచం మీదనే పండుకుంటాండా."

ఎండ జబ్బయితే ఎండకు దూరమైన మనిషికి తగ్గాలి. ఇక్కడ పెరిగింది. అప్పుడు లేచి వెళ్ళి ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, తల వెనక్కి వాల్చమని గడ్డం కింద చూశాను.

చూడాల్సింది మొదటి రోజే. ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి మన ముఖం మీదే కొన్ని చోట్ల ఎప్పుడూ నీడ ఉంటుంది: గడ్డం కింద, చెవుల వెనక, పై కనురెప్ప ముడతలో, ముక్కు పక్క నుంచి పెదవి కొసకు దిగే గీతలో. ఎండ వల్ల వచ్చే జబ్బు ఈ చోట్లను వదిలేస్తుంది. ఈయనకు గడ్డం కింద తోలు బూటు తోలంత మందంగా ఉంది. చెవుల వెనక పగుళ్ళు. రెప్పల ముడతల్లో పొట్టు. మోచేతి మడతల్లో కూడా, అంటే చెమటకు తడిసి ఏదైనా అతుక్కునే చోట, జబ్బు ఉంది. జూలైలో వచ్చినప్పుడు ఆయనకు రెండు వారాల గడ్డం, మెడకు టవల్. నేను కుర్చీలోంచి లేవకుండా ఎదురుగా కూర్చొని చూశాను. పీజీలో మొదటి ఏడాది నేర్పే పాఠం ఇది. ఓపీలో ఎనభయ్యో పేషెంటు అన్నది కారణమే గానీ సాకు కాకూడదు.

ఈ మధ్య వాట్సాప్‌లో ఫొటో పంపి "ఏం రాయమంటారు మేడమ్" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇన్నేళ్ళలో ఒక్కరూ గడ్డం కింద ఫొటో తీసి పంపలేదు.

వానలు, నీళ్ళు, హైదరాబాదు

ఎండ చేరలేని మడతల్లోకి కూడా చేరగలిగేది గాలి. గాలిలో వచ్చి తోలు మీద వాలే దుమ్ము, పుప్పొడి, పొగ, సిమెంటు, అగరుబత్తి, అన్నీ అనుమానితులే. మీసానికి వేసుకునే రంగు కూడా జాబితాలో రాసుకున్నాను, ఎందుకంటే హెయిర్‌డైలోని పీపీడీ ముఖాన్ని ఇలాగే వాపెక్కిస్తుంది.

ఎప్పుడు పెరుగుతుందో మొదటి రోజు అడిగాను. ఎప్పుడు తగ్గుతుందో ఇప్పుడు అడిగాను.

"కార్తీకం దాటితే కొంచెం నయం. వానలు పడినాయంటే మళ్ళ మొదలు." కాసేపాగి, "మొన్న శ్రావణానికి ముందు కూతురింటికి హైదరాబాదు పోయినాం. మూడు వారాలు ఏమీ లేదు మేడమ్. ఆడి నీళ్ళు పడినాయి నాకు. ఈడికొచ్చిన మూడు దినాలకే మళ్ళ ఎత్తుకున్యాది."

మనవాళ్ళు తోలుకు ఏమొచ్చినా నీళ్ళ మీద వేస్తారు. నీళ్ళు పడలేదంటారు, బోరునీళ్ళంటారు. కూతురిది మూడో అంతస్తు ఫ్లాటు. అక్కడ లేనిదీ ఇక్కడ వానలకు లేచేదీ ఏమిటని ఆలోచిస్తే, మా జిల్లాలో డెర్మటాలజిస్టుకు మొదట తట్టే పేరు వయ్యారిభామ.

కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. తెల్లటి చిన్న చిన్న పూలు, క్యారెట్ ఆకులాంటి చీలికల ఆకు, మనిషి నడుమెత్తు. పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశంలో 1955 ప్రాంతంలో పుణె దగ్గర గమనించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని అప్పట్నుంచీ చెప్పుకుంటున్నారు, కాంగ్రెస్ గడ్డి అన్న వెక్కిరింత పేరూ అలాగే పుట్టిందంటారు. 1970లలో పుణె చుట్టుపక్కల నుంచే ఈ మొక్క తెచ్చిన చర్మవ్యాధి గురించి పేపర్లు మొదలయ్యాయి. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. రోడ్డు పక్క, బీడు, ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్లు, కాలువ గట్టు, ఎక్కడ మట్టి కదిపితే అక్కడ మొలుస్తుంది. ఆకు మీది నూగులో, పువ్వులో పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. అసలు దోషి అది. మొక్క ఎండి పొడైనా దాని గుణం పోదు. ఆ పొడే గాలిలో లేస్తుంది.

"ఆ చెట్టు ఊరంతా ఉండాది. ఊరోళ్ళకెవురికీ రాలేదే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఇది విషం లాంటిది కాదు, అందరినీ ఒకేలా కాల్చదు. ఏళ్ళ తరబడి తగిలి తగిలి, కొందరిలో మాత్రమే ఒంటిని కాపలా కాసే తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలు దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటాయి. ఒకసారి గుర్తు పెట్టుకున్నాక మరచిపోవు. అందుకే ఎక్కువగా నలభై దాటిన, బయట తిరిగే మగవాళ్ళలో చూస్తాం. చిన్నప్పుడు ఆ గడ్డిలోనే ఆడుకున్నా ఏమీ కాలేదు కదా అన్నది రుజువు కాదు.

ముందు క్యాన్సర్ కాదని తేల్చాలి

పేరు తట్టింది గానీ రుజువు లేదు. మొదటిసారి తొందరపడ్డదాన్ని కాబట్టి రెండోసారి జంకాను. అరవై దాటిన మనిషికి ముఖం తోలు ఇంత మందమై, మెడలో గజ్జల్లో చిన్న చిన్న బిళ్ళలు తగులుతుంటే, చర్మంలో పుట్టే టీ కణాల లింఫోమా అనే క్యాన్సర్ కాదని తేల్చకుండా ముందుకు వెళ్ళకూడదు. దాని ముఖమూ ఇలాగే ఉంటుంది. దీర్ఘకాలపు ఎగ్జిమా (దురదతో తోలు వాచే జబ్బు) దాన్ని అనుకరిస్తుంది, అది ఎగ్జిమాను అనుకరిస్తుంది.

రెండు చోట్ల బయాప్సీ తీశాం, మెడ వెనక ఒకటి, ముంజేతి మీద ఒకటి. పైపొర కణాల మధ్య నీరు చేరి స్పాంజిలా ఉబ్బింది, రక్తనాళాల చుట్టూ లింఫోసైట్లు, ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఉన్నాయి. లింఫోమాలో కనిపించే వంకర టింకర కణాలు పైపొరలో గుంపు కట్టడం లేదు. ఆ క్యాన్సర్ రక్తంలోకి పాకితే కనిపించే సెజరీ కణాలు రక్తం స్మియర్‌లో లేవు. ఎండకు ముఖం మీద లేచే మరో జబ్బు లూపస్ కోసం చేసిన ఏఎన్ఏ రక్తపరీక్ష నెగెటివ్. అన్ని స్టెరాయిడ్ ట్యూబులు పూసిన తోలు కింద తామర దాక్కుని ఉండొచ్చని పొట్టు గీకి, ఫంగస్ బయటపడేలా కేఓహెచ్ అనే ద్రావణం వేసి చూశాం. అదీ లేదు. అంటే ఎగ్జిమాయే. ఎవరు తెచ్చారన్నదే తేలాలి.

వీపు మీద ఇరవై చుక్కలు

దానికి ప్యాచ్ టెస్టును మించింది లేదు. యాదస్సోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు 1895లో ప్రపంచానికి చూపించాడు, సూత్రం ఇప్పటికీ అదే. అనుమానం ఉన్న పదార్థాన్ని కొద్ది మోతాదులో ఆరోగ్యంగా ఉన్న తోలు మీద కట్టిపెట్టి, ఒంటికి అది గుర్తుందో లేదో చూడటం. చేయి గుచ్చి పావుగంటలో చూసే పరీక్ష వేరు, అది ఉబ్బసం, దద్దుర్ల లెక్క. రక్తం తీసి వంద ఎలర్జీల పట్టీ చేతికిచ్చే ప్యాకేజీలూ ఉన్నాయి. ఈ జబ్బుకు అవి దండగ, ఎందుకంటే అవి వెదికేది యాంటీబాడీలను, ఇక్కడ పనిచేసేది టీ కణాలు.

జబ్బు భగభగలాడుతున్నప్పుడు టెస్టు పెట్టకూడదు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఆరు వారాల్లో పదికి దించి, వీపు మీద ఏ పూతా లేకుండా ఉంచి, తేదీ ఇచ్చాను. నాలుగు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు అనగానే ఆయన భార్య అడ్డం పడింది. నేనిచ్చిన తేదీల్లో దీపావళి ఉంది. తలంటు మానిపించడం నా వల్ల కాదని అర్థమై పండగ వెళ్ళాకే పెట్టాం.

ఎనిమిది మిల్లీమీటర్ల అల్యూమినియం చిన్న గిన్నెల్లో ఇరవై పదార్థాలు. నికెల్, సిమెంటులో ఉండే డైక్రోమేటు, సెంట్ల మిశ్రమం, రబ్బరు రసాయనాలు, పీపీడీ, చామంతి, వయ్యారిభామ. ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌లో వయ్యారిభామకు చోటుండటం మనకు ప్రత్యేకం. 48 గంటలకు విప్పితే పద్దెనిమిది గడులు ఖాళీ. చామంతి దగ్గర కొంచెం ఎరుపు, గట్టిదనం: ఒక ప్లస్సు. వయ్యారిభామ దగ్గర ఎర్రటి గడ్డ మీద చిన్న బొబ్బలు: రెండు ప్లస్సులు. నాలుగో రోజుకు బొబ్బలన్నీ కలిసిపోయి గడి దాటి పాకాయి: మూడు ప్లస్సులు. ఉత్తి రాపిడికో ఘాటుకో వచ్చే ఎరుపు రెండో రోజు కంటే నాలుగో రోజు తగ్గుతుంది. నిజమైన ఎలర్జీ పెరుగుతుంది. అందుకే రెండోసారి చూడకుండా ఇచ్చిన ప్యాచ్ టెస్టు రిపోర్టును నేను లెక్కలోకి తీసుకోను. చామంతి విడి ఎలర్జీ కాదు, వయ్యారిభామకు చుట్టం. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు.

కొట్టం

మూడు ప్లస్సులు వచ్చినంత మాత్రాన కేసు ముగియదు. ఆ మనిషికి ఆ పదార్థం ఎక్కడ, ఎలా తగులుతోందో చూపించలేకపోతే ఆ ప్లస్సులు కాగితం మీదే ఉంటాయి. ఈయన పొలానికి వెళ్ళడం మానేసి రెండేళ్ళు. జబ్బు ముదిరిందీ ఆ రెండేళ్ళలోనే. అక్కడే నాకు ముడి పడింది.

ఇంటి చుట్టూ తిరిగి వీడియో తీసి పంపమని కొడుకును అడిగాను. రెండు నిమిషాల వీడియో. వాకిలి, వేపచెట్టు, రేకుల కొట్టం, రెండు ఎనుములు. కొట్టం గోడకు ఆనించి మంచం. మంచం తలవైపు బారెడు దూరంలో గడ్డిమోపు. కాలువ గట్టు మీద రోజూ కోసుకొచ్చే గడ్డి అది. వీడియో ఆపి దగ్గరగా చూస్తే మోపులో తెల్లపూలు. ఎనుములు మంచి గడ్డి ఏరుకు తిని వయ్యారిభామ పుల్లలు వదిలేస్తాయి. అవి అక్కడే ఎండుతాయి. పొద్దున్నే ఆవిడ చీపురుతో ఊడ్చి ఒక మూలకు నెడుతుంది. ఆ దుమ్ములో ఈయన నిద్ర లేస్తాడు. ఉతికిన బట్టలు ఆరేసేది కూడా ఆ కొట్టం పక్క కంచె మీదే.

అంటే "ఎండ మొహం చూడొద్దు, నీడనే ఉండు" అని చెప్పి ఆయన్ని ఐదు వారాల పాటు తీసుకెళ్ళి ఆ మోపు పక్కన పడుకోబెట్టింది నేను.

మంచం ముందు గదిలోకి మారింది. గడ్డిమోపు పెరటి చివరికి పోయింది. ఊడ్చే ముందు నీళ్ళు చల్లడం, బట్టలు మిద్దె మీద ఆరేయడం, బయటి నుంచి రాగానే స్నానం. గట్టు మీది మొక్కల్ని పూత రాకముందే, చేతులకు తొడుగులేసుకొని, నిండు చేతుల చొక్కాతో కొడుకే పీకాడు. కాల్చొద్దని చెప్పాను. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలిన పురుగు ఒకటుంది, వానాకాలంలో ఈ ఆకును జల్లెడ చేస్తుంది. దాన్ని తెచ్చి వదలొచ్చా అని ఆ కుర్రాడు అడిగాడు. వదలొచ్చు గానీ నాన్న ముఖం అన్ని రోజులు ఆగదు అన్నాను.

ఊరు ఊరంతా పీకలేం కాబట్టి మందు తప్పదు. ఈ జబ్బుకు మన దేశంలో ఎక్కువ అనుభవం ఉన్నది అజాథయోప్రిన్‌తో, అంటే ఒంటి రక్షణ కణాల దూకుడును అణిచే మందుతో. ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బీ, లివరు, రక్తకణాల లెక్క చూసి 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలకు వంద చేశాను. ఇది నిదానంగా పట్టే మందు, అందాకా ప్రెడ్నిసోలోన్ తోడుంది. వంద చేసిన మూడు వారాలకు తెల్లకణాలు 7,200 నుంచి 3,400కు పడిపోయాయి. ఈ మందును తట్టుకోలేని జన్యువు మనవాళ్ళలో కొందరికి ఉంటుంది, దానికి పరీక్షా ఉంది, అందరికీ అందే ఖర్చు కాదు. మందు ఆపి, కణాలు కోలుకున్నాక మళ్ళీ యాభైతోనే సాగించాను. పదిహేను రోజులకోసారి రక్తం చూడటమే ఆయనకు మేం చేసిన జన్యు పరీక్ష. సన్‌స్క్రీన్ మాత్రం ఆపలేదు. ఈ ఎలర్జీ పాతబడిన కొందరికి నిజంగానే ఎండ పడకుండా పోతుంది.

ఫాల్గుణానికి దురద పోయింది. కనుబొమ్మలు నిండాయి. కంచం సంగతి నేను అడగలేదు, ఆవిడే చెప్పింది, కలిసిపోయిందని.

మరుసటి సెప్టెంబరులో రెప్పలు, చేతివేళ్ళు వాచి మళ్ళీ వచ్చాడు. మంచం మారలేదు, మందు మానలేదు. రెండు రోజుల ముందు ఏం చేశావని అడిగితే, వినాయకచవితి పూజకు తనే కూర్చున్నానన్నాడు. పత్రి మనవడు తెచ్చాడు. మిగిలిన ఆకులు సంచిలో తెప్పించి చూశాను. ఇరవై ఒకటిలో మొట్టమొదటిది మాచీపత్రం. ఆ పేరుతో పిల్లవాడు గట్టు మీంచి తెచ్చింది వయ్యారిభామ, ఆకు చూడటానికి అలాగే ఉంటుంది మరి. అసలు మాచీపత్రే తెచ్చినా అదీ ఈ కుటుంబందే, పైగా దేవుడికి చామంతి దండ. వచ్చే ఏడు గరిక, మారేడు, జిల్లేడుతో సరిపెట్టుకొమ్మన్నాను. వారం రోజుల పూతతో తగ్గింది.

ఇప్పుడు అజాథయోప్రిన్ రోజూ 50 మిల్లీగ్రాములు, రెండు నెలలకోసారి రక్తపరీక్ష. కిందటి వారం వచ్చినప్పుడు లోపలికి రాగానే, నేను అడగకముందే కిటికీ దగ్గరికెళ్ళి నిలబడి గడ్డం పైకెత్తాడు. తోలు రెండు వేళ్ళ మధ్య మడత పడుతోంది.